రేడియో డేస్: ఆ ఇంట్లో వినిపించని గొంతు

వుడీ అలెన్ 1987లో తీసిన 'రేడియో డేస్' కథ చెప్పమంటే ఎవరికైనా కష్టమే. ఎందుకంటే చెప్పుకోదగ్గ కథంటూ అందులో లేదు. న్యూయార్క్ నగరం చివర్న, సముద్రాన్ని ఆనుకుని ఉన్న రాకవే అనే పేటలో ఒక యూదు కుటుంబం. ఒకే ఇంట్లో తాతయ్యా అమ్మమ్మా, అమ్మా నాన్నా, ఒక పిన్నీ బాబాయీ వాళ్ల అమ్మాయీ, ఇంకా పెళ్లికాని మరో పిన్నీ. వీళ్లందరి మధ్యా జో అనే పిల్లాడు. కాలం 1930ల చివరి నుంచి 1944 కొత్త సంవత్సరం రాత్రి దాకా. ఆ ఇంట్లో పొద్దున్న లేచింది మొదలు పడుకునేదాకా రేడియో మోగుతూనే ఉంటుంది. పెద్దవాడైన జో గొంతుతో అలెనే ఒక్కో పాటనీ, ఒక్కో కార్యక్రమాన్నీ తలుచుకుంటూ, వాటితో ముడిపడిన చిన్న చిన్న సంగతులు చెప్పుకుంటూ పోతాడు. సినిమా అంతే.

అలెన్ వ్యక్తిగత జీవితం చుట్టూ ఉన్న వివాదాల వల్ల ఆయన సినిమాలు చూడటమే మానేసినవాళ్లు నాకు తెలుసు. వాళ్లతో వాదం పెట్టుకోను. నా ఆసక్తి ఇక్కడ ఒక చరిత్ర ప్రశ్న మీద. నవ్వుతూ, ముచ్చటపడుతూ గుర్తు చేసుకున్న బాల్యాన్ని చరిత్రగా ఎంతవరకు నమ్మొచ్చు? ఈ సినిమాలో తేదీలు అటూ ఇటూ అయిన సంగతులున్నాయి, జరిగినదానికంటే పెద్దవైన సంగతులున్నాయి. వాటితో నాకు పేచీ లేదు. అసలు చెప్పకుండా వదిలేసిన సంగతి ఒకటుంది. 1938 నాటి అమెరికా రేడియో గురించి చదువుతూ తేదీలు పక్కపక్కన పెట్టి చూసుకున్నప్పటి నుంచీ ఈ సినిమాని అది లేకుండా చూడలేకపోతున్నాను. దాని దగ్గరికి వెళ్లేముందు సినిమాలో ఉన్నదేమిటో చూద్దాం.

ముందుగా ఆ రేడియో ఎలాంటిదో తెలియాలి. 1930 జనాభా లెక్కల్లో అమెరికాలో రేడియో ఉన్న ఇళ్లు సుమారు 40 శాతం. పదేళ్లు తిరిగేసరికి అది 80 శాతం దాటింది. ఆ పదేళ్లూ ఆర్థిక మాంద్యం రోజులన్న సంగతి గుర్తుంచుకోండి. ఉద్యోగం లేనివాడి ఇంట్లోనూ రేడియో ఉండేది. ఒకసారి సెట్ కొనుక్కుంటే వినడానికి పైసా ఖర్చు లేదు. ఖర్చంతా సబ్బులవాళ్లదీ, కాఫీ పొడివాళ్లదీ, సిగరెట్లవాళ్లదీ. మధ్యాహ్నం ఇల్లాళ్లు వినే ధారావాహికలకి 'సోప్ ఆపెరా' అన్న పేరు రావడానికి కారణం ఈ సబ్బు కంపెనీలే. 1933లో మొదలైన 'మా పెర్కిన్స్' అనే ధారావాహికని నడిపింది ఆక్సిడాల్ అనే బట్టల సబ్బు పొడి.

పిల్లల కార్యక్రమాలదీ అదే దారి. 'లిటిల్ ఆర్ఫన్ యానీ' వినే పిల్లలు ఓవల్టీన్ డబ్బా మూత కింది సీలు పోస్టులో పంపిస్తే రహస్య సందేశాలు విప్పుకునే బిళ్ల ఒకటి వచ్చేది. యుద్ధం అయిపోయాక 1947లో 'లోన్ రేంజర్' పేరు మీద కిక్స్ అనే అల్పాహారం కంపెనీ అణుబాంబు ఉంగరం ఇచ్చింది. పెట్టె మూతా 15 సెంట్లూ పంపితే చాలు. అందులో నిజంగానే అణుమాత్రం పొలోనియం ఉండేది. చీకటి గదిలో కన్ను దగ్గర పెట్టుకుని చూస్తే మిణుకు మిణుకుమనే మెరుపులు కనిపించేవి. హిరోషిమా జరిగి రెండేళ్లు కూడా కాలేదు.

సినిమాలో జో ప్రాణం పెట్టేది ఇలాంటి ఉంగరం మీదే. వాడి ఆరాధ్య వీరుడు 'మాస్క్‌డ్ అవెంజర్'. ఆ పేరుతో ఏ కార్యక్రమమూ లేదు. షాడో, గ్రీన్ హార్నెట్, లోన్ రేంజర్ లాంటివాళ్లందర్నీ కలిపి అలెన్ అల్లుకున్న పాత్ర అది. లోపల రహస్యపు అర ఉన్న ఆ వీరుడి ఉంగరం కావాలి. ఇంట్లో డబ్బులివ్వరు. పాలస్తీనాలో యూదులకో దేశం కోసమని రబ్బీ పిల్లల చేతికి చందా డబ్బాలిచ్చి వీధుల్లోకి పంపిస్తాడు కదా, ఆ డబ్బాలోంచి జో నొక్కేస్తాడు. దొరికిపోతాడు. రబ్బీ ముందు కూర్చోబెడితే, లోన్ రేంజర్ తన అనుచరుడు టాంటోని పిలిచే ఫక్కీలో రబ్బీని పిలుస్తాడు. రబ్బీ ఒకటి పీకుతాడు. మా పిల్లాణ్ణి మీరెలా కొడతారని నాన్న ఒకటి పీకుతాడు, అమ్మ ఒకటి. ముగ్గురూ వంతులేసుకుని వాడి బుర్ర వాయించే ఆ దృశ్యం చూసి నవ్వని వాళ్లని నేనింకా చూడలేదు. ఆ చందా డబ్బా సంగతి మాత్రం గుర్తు పెట్టుకోండి, తర్వాత పని ఉంది.

గొంతు వెనక ఉన్న మనిషి వేరని అలెన్ మొదటి నుంచీ మనకి చూపిస్తూనే ఉంటాడు. పిల్లాడి ఊహలో ఆరడుగుల ఆజానుబాహువైన మాస్క్‌డ్ అవెంజర్, మైకు ముందు చూస్తే బట్టతల పొట్టి మనిషి. ఆ వేషం వేసింది వాలెస్ షాన్. మియా ఫారో వేసిన సాలీ వైట్ నైట్‌క్లబ్బులో సిగరెట్లమ్మే అమ్మాయి. కీచుగొంతు, బ్రూక్లిన్ యాస. ఉచ్చారణ పాఠాలు నేర్చుకుని, ఆ యాసని పూర్తిగా వదిలించుకుని, చివరికి సినిమా తారల కబుర్లు చెప్పే ఉన్నత కుటుంబపు స్త్రీగా రేడియోలో వెలిగిపోతుంది. బాబాయి ఏబ్ చికాకు ఇంకో రకం. సీల్ పిన్ని రేడియోలో వెంట్రిలోక్విస్టుని వింటూ మురిసిపోతుంటే ఆయనకి ఒళ్లు మండిపోతుంది. బొమ్మని పట్టుకుని పెదాలు కదపకుండా మాట్లాడటం వాడి విద్య. రేడియోలో వాడి పెదాలు కదిలాయో లేదో ఎవడు చూడొచ్చాడు? న్యాయమైన ప్రశ్నే.

ఈ వెంట్రిలోక్విస్టు అలెన్ కల్పన కాదు. ఎడ్గార్ బెర్గెన్ అనే ఆయన చార్లీ మెకార్తీ అనే చెక్కబొమ్మతో చేసిన కార్యక్రమం అప్పట్లో అమెరికాలో అత్యధికులు వినే కార్యక్రమాల్లో ఒకటి. ఆదివారం రాత్రి 8 గంటలకి ఎన్బీసీలో వచ్చేది. ఛేజ్ అండ్ శాన్‌బోర్న్ అనే కాఫీ కంపెనీ దాని ఖర్చు పెట్టుకునేది. అదే సమయానికి సీబీఎస్‌లో ఏమొస్తోందో చాలామందికి పట్టేది కాదు. ఏ కంపెనీ కొనుక్కోని ఒక నాటకాల కార్యక్రమం వచ్చేది. దాన్ని నడిపేది ఆర్సన్ వెల్స్ అనే 23 ఏళ్ల కుర్రాడు.

1938 అక్టోబర్ 30 రాత్రి ఆ కుర్రాడి బృందం హెచ్.జి. వెల్స్ నవల 'ద వార్ ఆఫ్ ద వరల్డ్స్'ని వార్తల ప్రసారంలా మార్చి చదివింది. నాట్య సంగీతం వస్తూ వస్తూ ఆగిపోతుంది. అంగారకుడి మీద పేలుళ్లు కనిపించాయని ఒక ప్రకటన. మళ్లీ సంగీతం. ఆ తర్వాత న్యూజెర్సీలో గ్రోవర్స్ మిల్ అనే పల్లెలో ఏదో పడిందని ఇంకో ప్రకటన. స్పాన్సర్ లేడు కాబట్టి నడుమ ప్రకటనలు కూడా లేవు. నిజం వార్తలా వినిపించడానికి అదీ ఒక కారణం. మర్నాడు పత్రికల మొదటి పేజీల నిండా జనం బెంబేలెత్తి వీధుల్లో పరుగులు పెట్టారన్న కథనాలే.

సినిమాలో పాపం బీ పిన్ని ఆ రాత్రే షికారుకి వెళ్తుంది. తీసుకెళ్లినవాడు మంచు కమ్మిన సముద్రపు ఒడ్డున పెట్రోలు అయిపోయిందని కారాపి, సరసానికి దిగబోతాడు. కారు రేడియోలో అంగారకవాసులు దిగారని వస్తుంది. వాడు ఆవిణ్ణి అక్కడే వదిలేసి పొగమంచులో పడి పారిపోతాడు. ఆవిడ మైళ్ల దూరం నడుచుకుంటూ ఇల్లు చేరుతుంది. తర్వాత వాడు మళ్లీ ఫోన్ చేస్తే, తనకి అంగారకవాసితో పెళ్లైపోయిందని చెప్పమంటుంది అక్కతో.

చరిత్రకారుల లెక్కలు ఈ దృశ్యానికి అంత అనుకూలంగా లేవు. ప్రిన్స్‌టన్‌లో హాడ్లీ కాంట్రిల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1940లో వేసిన పుస్తకంలో సుమారు 60 లక్షల మంది విన్నారనీ, వాళ్లలో 12 లక్షల మందైనా భయపడ్డారనీ అంచనా కట్టాడు. కానీ ఆ రాత్రి శ్రోతల సంఖ్య కోసం హూపర్ సంస్థ ఫోన్లు చేసి అడిగితే, వెల్స్ నాటకం వింటున్నామని చెప్పినవాళ్లు 2 శాతమే. బెర్గెన్ బొమ్మ ముందు అంగారకవాసులు నిలబడలేకపోయారన్నమాట. ప్రకటనల ఆదాయాన్ని రేడియో ఎగరేసుకుపోతోందని మండిపోతున్న పత్రికలు, రేడియోని నమ్మితే ఇంతే మరి అని చెప్పడానికి అక్కడక్కడ జరిగినదాన్ని దేశమంతా జరిగినట్టు రాశాయని ఇప్పటి మీడియా చరిత్రకారులు కొందరి వాదన. లాభపడినవాడు మాత్రం వెల్స్. ఆ డిసెంబర్‌కల్లా క్యాంప్‌బెల్ సూప్ కంపెనీ ఆ కార్యక్రమాన్ని కొనుక్కుని 'క్యాంప్‌బెల్ ప్లేహౌస్' అని పేరు పెట్టింది.

అయితే అలెన్ చూపించింది తప్పా? ఆ భయం నిజంగా ఎందరిదన్నది గణాంకాల ప్రశ్న. పదేళ్ల తర్వాత ఎవర్ని అడిగినా ఆ రాత్రి అందరూ భయపడ్డారని చెప్తారు, మా చుట్టం ఒకాయన ఊరు వదిలి పారిపోయాడని చెప్తారు. కుటుంబాల్లో కథలు పుట్టే పద్ధతే అది. పత్రికల్లో చదివినది కూడా కొన్నాళ్లకి మన ఇంట్లో జరిగినదైపోతుంది. బీ పిన్ని కారులోంచి పారిపోయినవాడు ఆ పద్ధతికి చక్కటి ఉదాహరణ.

తేదీ మారిన సంగతి ఇంకొకటి. పెన్సిల్వేనియాలో పాలీ ఫెల్ప్స్ అనే చిన్నపిల్ల బావిలో పడిపోయిందని రేడియో చెప్తుంది. అప్పటికి జో ఏదో వెధవ పని చేసి నాన్న చేతిలో బెల్టు దెబ్బలు తింటున్నాడు. వార్త వింటూ వింటూ నాన్న చెయ్యి ఆగుతుంది. దేశమంతా రేడియోల చుట్టూ మూగుతుంది. పిల్ల బతకలేదని తెలిసేసరికి, ఇందాక కొట్టిన మనిషి కొడుకుని ఒళ్లోకి తీసుకుని హత్తుకుని ఉంటాడు. సినిమాలో నవ్వు పూర్తిగా ఆగిపోయే చోటు ఇదే.

దీని వెనకున్న నిజమైన పాప పేరు క్యాథీ ఫిస్కస్. మూడేళ్ల పిల్ల. కాలిఫోర్నియాలో శాన్ మరీనో అనే ఊళ్లో పాడుపడిన బావి గొట్టంలో పడిపోయింది. కానీ అది 1949 ఏప్రిల్. జో బాల్యం అప్పటికే ముగిసిపోయింది. అంతకంటే ముఖ్యమైన సంగతి, ఆ సంఘటనని చరిత్ర టెలివిజన్ ఖాతాలో వేసింది. లాస్ ఏంజెలెస్‌లో కేటీఎల్ఏ అనే స్టేషను కెమెరాలు మోసుకెళ్లి 27 గంటలకి పైగా ప్రత్యక్షంగా చూపించింది. ఇంట్లో టీవీ లేనివాళ్లు ఎలక్ట్రిక్ సామాన్ల దుకాణాల అద్దాల ముందు నిలబడి చూశారు. టీవీ అంటే ఏమిటో ఆ ఊరికి ఆ రాత్రే తెలిసిందని చెప్పుకుంటారు. అలెన్ ఆ టీవీ దుఃఖాన్ని రేడియోకి బదిలీ చేశాడు.

ఇందులో పూర్తి అన్యాయం కూడా లేదు. 1925లో కెంటకీలో ఒక గుహలో ఇరుక్కుపోయిన ఫ్లాయిడ్ కాలిన్స్ కోసం దేశం రేడియో బులెటిన్లు వింటూ రెండు వారాలు ఎదురుచూసింది. అతనూ బతకలేదు. బిల్లీ వైల్డర్ 1951లో 'ఏస్ ఇన్ ద హోల్' తీసినప్పుడు ఇలాంటి సంఘటననే తీసుకుని, గుహ బయట మూగిన జనాన్నీ, తిరనాళ్లనీ, వార్త కోసం మనిషి ప్రాణాన్ని పణంగా పెట్టిన విలేఖరినీ చూపించాడు. అలెన్ బావి దగ్గరికి ఎక్కువసేపు వెళ్లడు. విన్నవాళ్ల ఇళ్లలోనే ఉంటాడు. సినిమాలో ఆ వార్త బావిలోని పాప గురించి కాదు, బెల్టు కింద పడేసిన నాన్న గురించి. అంతవరకు ఆ తేదీ మార్పు నాకు సమ్మతమే. పదేళ్లు ముందుకి జరిపినా, వార్త వింటే ఇంట్లో ఏమవుతుందన్న విషయంలో అది నిజమే చెప్పింది.

ఇక వదిలేసిన సంగతి. వెల్స్ నాటకం అక్టోబర్ 30న వచ్చిందన్నాను కదా. సరిగ్గా మూడు వారాలకి, నవంబర్ 20న, అదీ ఆదివారమే, అదే న్యూయార్క్‌లో రేడియోలో ఇంకో గొంతు వినిపించింది. చార్లెస్ కాగ్లిన్ అనే క్యాథలిక్ మతగురువుది. మిచిగన్ రాష్ట్రంలో రాయల్ ఓక్ అనే ఊళ్లో చర్చి నడుపుతూ 1926లో రేడియోలో మాట్లాడటం మొదలుపెట్టాడు. మొదట్లో పిల్లలకి మతబోధ. మాంద్యం వచ్చాక బ్యాంకులని తిట్టడం, పేదల తరఫున మాట్లాడటం. గొంతులో ఐరిష్ జీర, లాలన. సీబీఎస్ వద్దనుకుంటే సొంతంగా స్టేషన్లని కూడగట్టుకుని ఆదివారం మధ్యాహ్నాలు దేశమంతా వినిపించాడు. ఆయన శ్రోతల్ని లెక్కగట్టినవాళ్లు కోట్లలోనే చెప్పారు. 1938 నాటికి ఆ ఉపన్యాసాల్లో బ్యాంకర్లన్న మాట స్థానంలో యూదులన్న మాట బాహాటంగా వచ్చి కూర్చుంది.

1938 నవంబర్ 9, 10 తేదీల్లో జర్మనీలో నాజీలు యూదుల దుకాణాలు పగలగొట్టి, ప్రార్థనా మందిరాలు తగలబెట్టి, వేలమందిని నిర్బంధ శిబిరాలకి తరలించారు. పది రోజుల తర్వాత కాగ్లిన్ మైకు ముందుకొచ్చి, ఇదంతా కమ్యూనిజానికి ప్రతిక్రియ అనీ, ఆ కమ్యూనిజం వెనక యూదులున్నారనీ వివరించాడు. న్యూయార్క్‌లో ఆయన్ని ప్రసారం చేసే డబ్ల్యూఎంసీఏ స్టేషను, ఆయన చెప్పినదాంట్లో తప్పులున్నాయని అప్పుడే శ్రోతలకి చెప్పింది. తర్వాతి ఉపన్యాసాన్ని ముందే రాసి చూపించమంది. ఆయన దానికి సిద్ధపడకపోయేసరికి ప్రసారం ఆపేసింది. దాంతో ఆయన అనుచరులు ఆ స్టేషను ముందు ఆదివారం ఆదివారం గుంపులుగా నిలబడి నిరసనలు చేశారు. అది కొన్ని నెలలపాటు సాగింది. చివరికి 1939లో ప్రసారకుల సంఘం కొత్త నియమావళి పెట్టుకోవడం, స్టేషన్లు ఒక్కొక్కటే తప్పుకోవడంతో 1940లో ఆయన రేడియో జీవితం ముగిసింది.

ఇప్పుడు రాకవేలో ఆ ఇంటిని తలుచుకోండి. యూదుల ఇల్లు. పొద్దున్నుంచి రాత్రిదాకా రేడియో. పేటలో ఐరిష్ క్యాథలిక్ కుటుంబాలు కూడా ఎక్కువే. అక్టోబర్ 30న వచ్చిన అంగారకవాసులు ఆ ఇంటి జ్ఞాపకాల్లో ఉన్నారు. నవంబర్ 20న వచ్చిన మతగురువు లేడు. ఎవరూ చూడని శత్రువు గురించి ఒక పూట భయం సినిమాకెక్కింది. ఆ ఇంట్లోవాళ్లనే పేరు పెట్టి తిట్టిన గొంతు ఎక్కలేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. 1942 డిసెంబర్ 13న ఎడ్వర్డ్ మరో లండన్ నుంచి సీబీఎస్‌లో మాట్లాడుతూ, యూరప్‌లో లక్షలాది మందిని, ఎక్కువగా యూదులని, ఒక పద్ధతి ప్రకారం పోగుచేసి చంపుతున్నారని స్పష్టంగా చెప్పాడు. సినిమా ముగిసే రాత్రికి ఆ వార్త చెప్పి ఏడాది దాటింది. యుద్ధం సినిమాలో లేదా అంటే ఉంది. పెర్ల్ హార్బర్ వార్త సాలీ మొదటిసారి నాటకంలో గొంతు విప్పబోతుంటే అడ్డం పడుతుంది. ఒడ్డున నిలబడిన జోకి సముద్రంలో జర్మన్ జలాంతర్గామి కనిపిస్తుంది. పిల్లాడి ఊహ అనుకుంటాం గానీ, 1942 జనవరిలో జర్మన్ జలాంతర్గాములు న్యూయార్క్ రేవు దాకా నిజంగానే వచ్చి ఓడల్ని ముంచాయి. అన్నీ ఉన్నాయి. మరో చెప్పిన ఆ ఒక్కటి లేదు. రబ్బీ చందా డబ్బా ఉంది కదా, దాని వెనక ఏముందో పెద్దవాళ్లకి తెలుసు. ఉంగరం కోసం ఆ డబ్బులు తీసినందుకు ముగ్గురు పెద్దవాళ్లు పిల్లాణ్ణి కొడతారు. వాళ్ల కోపం ఆ నాణేల గురించేనా అన్న అనుమానం ఈ తేదీలు తెలిశాక నన్ను వదల్లేదు.

దీన్ని అలెన్ మీద నేరంగా మోపడం నా ఉద్దేశం కాదు. ఆయన 1935లో పుట్టాడు. కాగ్లిన్ మూగబోయేనాటికి ఐదేళ్లు కూడా నిండలేదు. హాస్యచిత్రం, పైగా పిల్లాడి చెవితో విన్న లోకం. ఆ చెవికి ఉంగరం ముఖ్యం. ఇంట్లో ఇలాంటివి వస్తున్నాయనుకుంటే పెద్దవాళ్లు చెయ్యి చాచి మీట తిప్పేసి ఉంటారు, సంగీతం పెట్టేసి ఉంటారు. పిల్లలకి ఆ సంగీతమే గుర్తుండిపోతుంది. నా ఊహే అనుకోండి. కానీ ఏ ఇంట్లోనైనా పెద్దవాళ్లు చేసే పని అదే కదా.

సినిమా వదిలేసింది కాగ్లిన్‌ని ఒక్కణ్ణే కాదు. ఆ కాలపు రేడియోలో మొదటి పెద్ద ప్రజాదరణ 'ఏమస్ అండ్ ఆండీ'ది. 1928లో షికాగోలో మొదలైంది. ఇద్దరు నల్లవాళ్ల కథ. ఆ గొంతులు రెండూ ఇద్దరు తెల్ల నటులవి. 'పిట్స్‌బర్గ్ కొరియర్' అనే నల్లవాళ్ల పత్రిక దాన్ని ఆపమని 1931లోనే సంతకాలు సేకరించింది. గొంతు వెనక ఉన్న మనిషి వేరని పొట్టి అవెంజర్‌ని చూపించి నవ్వించిన సినిమా ఇది. అదే ముచ్చట ఎవరి ఇంట్లో నవ్వు తెప్పించలేదో దాని జోలికి మాత్రం పోలేదు.

మన రేడియో వేరు. మనకి సబ్బు కంపెనీలు లేవు, ప్రభుత్వం ఉండేది. వివిధ భారతి 1957లో మొదలైనా ప్రకటనలు వచ్చింది 1967లో. ఏ ఉంగరమూ పోస్టులో రాలేదు. కానీ గుర్తుంచుకోవడంలో మనం వేరు కాదు. రేడియో అనగానే మన పెద్దవాళ్లు రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారి బాలానందం అంటారు, రేడియో సిలోన్ పాటలు అంటారు. 1975 జూన్ 26 పొద్దున్న ఎమర్జెన్సీ విధించామని ఇందిరా గాంధీ చెప్పిన మాట వచ్చిందీ అదే పెట్టెలోంచి. అడిగితే చెప్తారు, గుర్తులేక కాదు. తమంతట తాము రేడియో కబుర్లు మొదలుపెట్టినప్పుడు మాత్రం అది రాదు. నాస్టాల్జియాకి ఏది రావాలో ఏది రాకూడదో తెలుసు. దాన్ని చరిత్రగా చదవాలంటే, రానిదాన్ని మనమే వెతుక్కోవాలి.

ఈ వెతుకులాట రేడియో విషయంలో మరీ కష్టం. పెద్ద నెట్‌వర్కులు చాలాకాలం రికార్డులు వేయడానికి ఒప్పుకునేవి కావు. ఏదైనా అప్పటికప్పుడు మైకు ముందు జరగాల్సిందే. అవతలి తీరంలో మూడు గంటలు ఆలస్యంగా రాత్రవుతుంది కాబట్టి అదే నాటకాన్ని నటులు మళ్లీ మొదటి నుంచి ఆడేవాళ్లు. 1946లో బింగ్ క్రాస్బీ ముందే రికార్డు చేసి ప్రసారం చేస్తానని పట్టుబట్టి వేరే నెట్‌వర్కుకి మారేదాకా పరిస్థితి అదే. అందుకే ఆ కాలపు ధ్వనిలో చాలా భాగం గాలిలో కలిసిపోయింది. మిగిలింది కొన్ని డిస్కులు, స్క్రిప్టులు, పత్రికలు, ఇంకా విన్నవాళ్ల జ్ఞాపకాలు. ధ్వని లేనిచోట జ్ఞాపకమే సాక్ష్యం. ఆ సాక్షి సరదాగా మాట్లాడుతున్నప్పుడు అడ్డు ప్రశ్న వెయ్యడానికి మనసొప్పదు.

అయినా వెయ్యాలనే అంటాను, సినిమా మీద ప్రేమ ఉన్నందుకే. రేడియో డేస్ చివరి దృశ్యంలో 1944 కొత్త సంవత్సరం రాత్రి. రేడియో తారలందరూ మన్‌హాటన్‌లో ఒక నైట్‌క్లబ్బు మేడ మీదికి ఎక్కుతారు. మంచు పడుతుంటుంది. తమని రేపటివాళ్లు గుర్తుపెట్టుకుంటారా అని వాళ్లలో వాళ్లే అనుకుంటారు. ఏడాది మారిన ప్రతిసారీ ఆ గొంతులు తనకి ఇంకాస్త సన్నగా వినిపిస్తున్నాయని జో చెప్తాడు. అలెన్ చేతుల్లో అది నిజంగా బాధ కలిగించే ముగింపు. నాలాగా ఆ తేదీలు చదివినవాళ్లకి ఇంకొక బాధ కూడా తోడవుతుంది. ఆ మేడ మీద మాస్క్‌డ్ అవెంజర్ ఉన్నాడు, సాలీ ఉంది, వాళ్లని మరిచిపోకూడదని సినిమా అంత కష్టపడింది. కాగ్లిన్ ఆ మేడ మీద లేడు, ఎవరూ పిలవలేదు. ఆయన చెప్పిన మాటలకి మాత్రం ఎప్పుడూ శ్రోతలు దొరుకుతూనే ఉన్నారు, గొంతులు మారాయి అంతే. అలాంటి గొంతు మన ఇంట్లోనూ ఒకప్పుడు మోగిందనీ, ఎవరో లేచి దాన్ని కట్టేశారనీ పిల్లలకి చెప్పే సినిమా ఇంకా రావాల్సే ఉంది. అదీ హాస్యచిత్రమే అయితే మరీ మంచిది.